లాస్యమ్మ కొట్టు తాళం

ఎర్రమెట్ట ఊరి చరిత్ర మ్యూజియం. పనుల దినచర్య. రాస్తున్నది ధరణి, పేరుచీటీల విభాగం.

తెరవడానికి ఇంకా పన్నెండు రోజులు

దుమ్ము లెక్క: మొదటి గది రెండు, రెండో గది రెండు, మూడో గది మూడు, నాలుగో గది తొమ్మిది. నాలుగో గదిలో ఇంకా గోడలు కోస్తున్నారు కాబట్టి తొమ్మిది రావడంలో వింతేమీ లేదు. గాలితలుపుల రబ్బర్లు తుడిచాను. వడపోత గుడ్డలు దులిపి మళ్ళీ బిగించాను. బయట తుపాను మొదలైంది, ఎర్రదుమ్ము కిటికీల దాకా వచ్చింది.

ఈ పుస్తకంలో దుమ్ము, చలి, మరమ్మతులు తప్ప మరో సంగతి రాయకూడదని మా పెద్దసారు తారకేశ్వర్ గారు మొదటి రోజే చెప్పారు. చూసింది రాయకపోతే నాకు అన్నం సహించదు. నేను రాస్తాను, ఆయన వారానికోసారి చదివి అంచున ఎర్రసిరాతో ‘అనవసరం’ అని పెడతారు. ఆరేళ్ళుగా ఇదే వరస. మా ఎర్రగ్రహం మీది ఏడు భూమి మీది ఏడుకి దాదాపు రెట్టింపు కాబట్టి ఆయన ఓపిక ఎంతటిదో లెక్క వేసుకోవచ్చు.

ఏడాదిపాటు మ్యూజియం మూసి, నాలుగు గదులూ కొత్తగా కడుతున్నాం. అందరూ అడిగేది మాత్రం నాలుగో గది గురించే. ఊరు పుట్టిన నాలుగో ఏట భూమి నుంచి రావలసిన ఓడ వేళకు రాలేదు. జనం నాచు ఉడకబెట్టుకుని తిన్నారు. ఊరి కొట్టు తాళం లాస్యమ్మ అనే ఆవిడ చేతిలో ఉండేది. లోపల బియ్యం, పప్పు నిండుగా ఉన్నా ఆమె తలుపు తీయలేదు. ఎర్రమెట్టలో పాలు తాగే పిల్లలకు కూడా తెలిసిన కథ ఇది. భోజనశాలలో ఎవరైనా కూర దాచుకుంటే “ఏం లాస్యమ్మా” అంటాం. నేనూ చాలాసార్లు అన్నాను.

ఈసారి గదిలో ఆ కొట్టును అసలు కొలతలతో కట్టి, ముందు లాస్యమ్మ బొమ్మను నిలబెడుతున్నారు. మనం చెయ్యి చాపితే బొమ్మ తాళంచెవిని వీపు వెనక్కి దాచుకుంటుంది. పనివాళ్ళు పొద్దుటి నుంచీ ఒకరి తరవాత ఒకరు చెయ్యి చాపి నవ్వుకుంటున్నారు.

మధ్యాహ్నం సింధూరమ్మ గారు వచ్చారు. లాస్యమ్మ ఆమెకు తాతమ్మ. ఆ ఇంటివాళ్ళను ఊళ్ళో తాళంవాళ్ళు అంటారు. వాళ్ళను గరిటె ముట్టుకోనివ్వరు. భోజనశాలలో ఊరంతా వంతులవారీగా వడ్డించాలి, వాళ్ళకు మాత్రం వంతు రాదు. అందుకని వాళ్ళు భోజనశాలకు రావడమే మానేసి, మూడు తరాలుగా ఇంట్లోనే పొయ్యి పెట్టుకుని వండుకుంటున్నారు. ఎర్రమెట్టలో పొయ్యి ఉన్న ఇల్లు అదొక్కటే.

ఆమె బొమ్మను కాసేపు చూశారు. చెయ్యి చాపలేదు.

“రాత ఉంటే ఉండనీ అమ్మా. చదివేవాళ్ళు ఎంతమంది? బొమ్మని మాత్రం తీయించెయ్యండి. తెరిచిన రోజున మా మనవరాలు బడిపిల్లలతో కలిసి వస్తంది. దాని కళ్ళముందు వాళ్ళంతా చేతులు చాపుతారు.”

లాస్యమ్మ తన చేత్తో రాసిన కొట్టు లెక్కల పుస్తకమే సాక్ష్యం, ఇందులో నేను చేయగలిగింది ఏమీ లేదు అన్నాను. ఆమె సరేనని వెళ్ళిపోయారు. తరవాత నాకు ఏ పనీ సరిగ్గా సాగలేదు.

ఇంకా పది రోజులు

దుమ్ము: నాలుగో గది ఏడు, మిగతావి రెండేసి. తుపాను అలాగే ఉంది.

లాస్యమ్మ కొట్టు పుస్తకాన్ని చలిపెట్టెలోంచి తెచ్చారు. దాని పక్కన పెట్టడానికి ఇప్పటికి నాలుగు పేరుచీటీలు రాశాను, కానీ పుస్తకం మొహం చూడటం ఇదే మొదటిసారి. అందరం బడిపుస్తకంలో ఉన్న ‘కొట్టు నిండుగా ఉందని ఆమే రాసుకుంది’ అన్న వాక్యాన్ని ఎత్తి రాసుకుంటూ వచ్చాం. ఇది ఒప్పుకోవడానికి సిగ్గుగానే ఉంది.

చేతులకు తొడుగులు వేసుకుని తెరిచాను. గుండ్రటి అక్షరాలు, ఎక్కడా కొట్టివేత లేదు. బియ్యం నలభై బస్తాలు. కొన్ని పుటల తరవాత ముప్పై ఒకటి. ఆ తరవాత ఇరవై రెండు, తొమ్మిది, మూడు. మర్నాడు ‘బియ్యం నిండుకున్నాయి’ అని ఉంది. నాలుగు రోజులకు ‘పప్పు నిండుకుంది’. ఇంకో వారానికి ‘నూనె నిండుకుంది. ఉప్పు నిండుకుంది, ఓడవాళ్ళను అడగాలి’. చివరి పుటలో ఇలా ఉంది: ‘పిల్లలు కొట్టు దగ్గరికి వస్తున్నారు. తలుపు వేసి ఉంచుతున్నాను. లోపల చూస్తే బెంగ పెట్టుకుంటారు.’

నిండాయి అనడానికి ఆ రోజుల్లో నిండుకున్నాయి అనేవారు కాబోలు. ఉప్పు దగ్గర అంచున పెన్సిలుతో ఒక మాట ఉంది. ఊరి మొదటి చరిత్ర రాసిన విశ్వంభర్ గారిది, అంటే మా పెద్దసారు ముత్తాతది. ‘నిండినా ఇంకా అడగాలట. ఆశకు అంతుందా?’ అని రాశారు.

చదవగానే నాకూ అలాగే అనిపించింది. కానీ ఒక్కటి అర్థం కాలేదు. మూడు బస్తాలు ఒక్క రోజులో ఎలా నిండాయి? ఓడ వచ్చింది ఆ తరవాత నలభై ఎనిమిది రోజులకు. మ్యూజియం యంత్రాన్ని అడిగాను. దాన్ని సహాయకి అంటాం, ఈ ఊళ్ళో రాసిన ప్రతి కాగితమూ దానికి కంఠతా వచ్చు. నిండుకొను అంటే నిండు, సందేహమే లేదని చెప్పింది. భూమిని అడుగుదామంటే మాట తెగిపోయి పదిహేనేళ్ళు. మొదటివాళ్ళు వెంట తెచ్చుకున్న పుస్తకాలు ఆరో ఏట పైకప్పు పగిలినప్పుడు పోయాయి. పెద్దవాళ్ళలో ముప్పాతిక మంది అప్పుడే పోయారు, లాస్యమ్మ కూడా. ఊరి చరిత్ర రాసింది ఆనాటి పిల్లలు, భోజనశాలలో పెరిగినవాళ్ళు.

ఇంకా ఎనిమిది రోజులు

దుమ్ము: నాలుగో గది పన్నెండు. తప్పు నాదే.

కొట్టు కట్టడం పూర్తయింది. నిండుగా కనబడాలి కాబట్టి మట్టి నింపిన బస్తాలు పేర్చమన్నారు. పుస్తకంలో అన్నిటికంటే పెద్ద అంకెలు చూసి నలభై బియ్యం బస్తాలు, పాతిక పప్పు బస్తాలు చేయించాను. లోపల పెడితే ఒక మూలకు వచ్చాయి. మిగతా చోట పనివాళ్ళతో కలిసి బంతాట ఆడుకోవచ్చు. కొలిచి చూస్తే ఆ కొట్టు నిండటానికి రెండు వందల బస్తాలు పైగా కావాలి.

ఓడ దిగిన రోజున కూడా సగం నిండని కొట్టు, ఓడ రాని రోజున ఎలా నిండింది? ఇళ్ళ నుంచి లాక్కుందా అంటే, ఆ ఇళ్ళలో నాచు తప్ప ఏముంది? పెద్దసారుతో ఇదే అన్నాను. జనానికి తెలిసిన కథకు టేపు పెట్టి కొలవకు, ఇంకో నూట నలభై బస్తాలు చేయించు అన్నారు. చేయిస్తున్నాను. చేయిస్తూ ఆలోచిస్తున్నాను.

ఇంకా ఆరు రోజులు

దుమ్ము రాయలేదు. ఇవాళ దుమ్ము చూసే ధ్యాస లేదు.

కొట్టు అసలు తాళంచెవి సింధూరమ్మ గారింట్లో ఉంది. బొమ్మ చేతిలో పెట్టడానికి దాన్ని అడిగి తెమ్మని పెద్దసారు నన్ను పంపారు. బొమ్మే వద్దన్న మనిషిని బొమ్మ కోసం తాళంచెవి అడగాలి. ఇలాంటి పనులకు ఆయనకు నేనే గుర్తొస్తాను.

నేను పొయ్యిని చూడటం ఇదే మొదటిసారి. నీలంమంట సన్నగా వెలుగుతోంది, పక్కన వరసగా డబ్బాలు. నేను ఎగాదిగా చూస్తుంటే సింధూరమ్మ గారు నవ్వి, కూర్చోమని టీకి నీళ్ళు పెట్టారు. ఒక డబ్బా మూత తీసి లోపలికి చూసి, పంచదార నిండుకుంది, ఇవాళ్టికి చప్పటి టీయే తాగాలి అన్నారు.

డబ్బా నిండా పంచదార పెట్టుకుని చప్పటి టీ ఇస్తోంది, రక్తం ఎక్కడికి పోతుంది అనుకున్నాను. రాయడానికి సిగ్గుగా ఉంది, కానీ అలాగే అనుకున్నాను. అంతలో ఆమె డబ్బాను బోర్లించి, అడుగున అరచేత్తో రెండుసార్లు తట్టి, కడగడానికి తొట్టిలో వేశారు. ఒక్క పలుకు కూడా రాలలేదు.

నిండుకుంది అన్నారు కదా అన్నాను. అవును, నిండుకుంది అన్నారు. ఖాళీగా ఉంది కదా అన్నాను. ఆమె నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశారు.

“వంటింట్లో అయిపోయింది అనకూడదమ్మా. లేదనీ అనకూడదు. అంటే నిజంగానే లేకుండా పోతాదని మా అమ్మమ్మ చెప్పేది. చిన్నప్పుడోసారి నూనె అయిపోయిందన్నానని చెవి మెలేసింది. నిండుకుంది అనాలి.”

టీ చల్లారిపోయేదాకా పట్టుకుని కూర్చున్నాను. మా భోజనశాలలో ఏదీ అయిపోదు. గొట్టం తిప్పితే అండాల్లోకి వస్తుంది, ఎంత ఉందో తెర మీద అంకె కనబడుతుంది. వంటిల్లే లేని ఊరికి వంటింటి మాటతో ఏం పని? పొయ్యి ఉన్న ఒక్క ఇంట్లో ఆ మాట మిగిలింది, ఆ ఇంటికి మేమెవరం వెళ్ళలేదు. ఆ ఇంటివాళ్ళేమో కొట్టు పుస్తకాన్ని ఎప్పుడూ చూడలేదు. బడిపుస్తకంలో ‘నిండుగా ఉంది’ అని దిద్ది రాసిన మాటనే చదివి తలవంచుకున్నారు.

ఆమెకు ఏమీ చెప్పలేదు. ఇవాళ ఆశపెట్టి రేపు కాదనాల్సి వస్తే నేను తట్టుకోలేను. తాళంచెవి అడగడం కూడా మరిచిపోయి వచ్చేశాను.

ఇంకా ఐదు రోజులు

దుమ్ము: అన్ని గదులూ మూడు. తుపాను తగ్గింది.

పెద్దసారుకు అంతా చెప్పాను. మధ్యలో ఒక్కసారి కూడా ఆపకుండా విన్నారు.

“మా ముత్తాత ఆ తలుపు ముందు నిలబడ్డాడు ధరణీ. పిల్లవాడు, ఆకలితో నిలబడ్డాడు. ఆయన అబద్ధం రాశాడంటావా?”

అబద్ధం కాదండీ, ఆయనకు ఆ మాట తెలియలేదు అన్నాను. ఆయన ఒప్పుకోలేదు. తాళంవాళ్ళు తమ పరువు కోసం ఆ మాటకు కొత్త అర్థం కల్పించుకుని ఉండవచ్చు, ఒక్క ఇంటివాళ్ళు అన్నంత మాత్రాన సాక్ష్యం కాదు అన్నారు. అందులో న్యాయం ఉంది. ఆయన స్థానంలో నేనున్నా అదే అందును.

విశ్వంభర్ గారు ముసలితనంలో చెప్పుకున్న జ్ఞాపకాల రికార్డు పెద్దసారు ఇంట్లో ఉంది. నాలుగో గదిలో వినిపించాలని అనుకున్నదే. దాన్ని ఇప్పుడే వినాలని అడిగాను. అక్కర్లేదు, మా ఇంట్లో ఆ కథ అందరికీ నోటికి వచ్చు అన్నారు. అన్నారే గానీ సాయంత్రం తానే తెచ్చి నా బల్ల మీద పెట్టారు. చిన్నప్పుడెప్పుడో విన్నానని, అందులో అసలు ఏ మాట ఉందో గుర్తులేదని గొణిగారు. ఆయనకు కూడా తెలుసుకోవాలని ఉంది, పైకి అనరు.

ఇంకా మూడు రోజులు

దుమ్ము చూశాను, అంకెలు మరిచిపోయాను.

సింధూరమ్మ గారిని రమ్మన్నాం. పాత మాటలు తెలిసినవారు మీరే, ఒక రికార్డులో మాట అర్థం కాలేదు, చెప్పమని మాత్రం అన్నాను. ఎవరి గొంతో చెప్పలేదు. పేర్లు వచ్చే చోట్లు తీసేసి ముక్కను కత్తిరించాను. పెద్దసారు ఒక మూల చేతులు కట్టుకుని నిలబడ్డారు.

ముసలిగొంతు వినిపించింది. “మేం నలుగురం పిల్లలం వెళ్ళాం. అత్తా, బియ్యం ఉన్నాయా అని నేనే అడిగాను. నా తల నిమిరింది. నిండుకున్నాయి నాన్నా అంది. అని తలుపేసేసుకుంది.”

సింధూరమ్మ గారి చెయ్యి నోటి మీదికి వెళ్ళింది.

“అయ్యో. ఒక్క గింజ కూడా లేదా?”

ఆమె మా ఇద్దరినీ మార్చి మార్చి చూశారు.

“ఎవరమ్మా ఆ పిల్లోడు? తరవాతైనా ఎవరన్నా ఇంత పెట్టారా వాడికి?”

పెద్దసారు మూలలోంచి వచ్చి, మళ్ళీ వినిపించు అన్నారు. మూడుసార్లు విన్నారు. మూడోసారి ‘నాన్నా’ అన్న చోట ఆపమన్నారు. తరవాత సింధూరమ్మ గారి ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుని, ఆ పిల్లవాడు మా ముత్తాత అమ్మా, ఆ అత్త మీ తాతమ్మ అని చెప్పారు. పుస్తకం తెచ్చి బియ్యం నిండుకున్నాయి అన్న పుట తెరిచి ముందు పెట్టారు.

ఆమె ఆ అక్షరాల మీద వేలు ఆనించలేదు, కొంచెం పైన పెట్టి కదిలించారు. నేను ఆమె ఏడుస్తారనుకున్నాను. ఆమెకు కోపం వచ్చింది.

“ఇన్నేళ్ళూ ఎవరూ అడగలేదేం? మా ఇంటికొచ్చి ఒక్కళ్ళు టీ తాగినా తెలిసేది కదా.”



ఇంకా రెండు రోజులు

దుమ్ము: నాలుగో గది పదిహేను. బస్తాలన్నీ బయటికి మోయించాం. పేర్చడానికి నాలుగు రోజులు పట్టింది, తీయడానికి ఒక పూట చాలింది. బొమ్మను విప్పి పెట్టెలో పెడుతుంటే పనివాళ్ళు సణిగారు. గదిలో అదొక్కటే బాగుందట.

నాలుగో గదికి పేరుచీటీ ఐదుసార్లు రాసి చింపాను. లాస్యమ్మను దేవతను చేయాలని చెయ్యి లాగుతోంది. ఆమె మంచిదో, కోపిష్టిదో, ఎలాంటి మనిషో నాకు తెలియదు. కొట్టు ఖాళీ అన్నది తెలుసు. పిల్లలు ఖాళీ కొట్టు చూస్తే బెంగ పెట్టుకుంటారని తలుపు వేసిందన్నది తెలుసు. చివరికి ఇది మిగిలింది: ‘నాలుగో ఏట ఈ కొట్టు ఇలా ఉండేది. తలుపు తీసి లోపలికి వెళ్ళి చూడండి. నిండుకున్నాయి అంటే ఒక్క గింజ లేదని. అరవై ఆరేళ్ళు మనం ఈ మాటను తప్పుగా చదివాం. అర్థం చెప్పినవారు లాస్యమ్మ మునిమనవరాలు సింధూరమ్మ గారు.’

సాయంత్రం పెద్దసారు ఈ దినచర్య పుస్తకం అడిగి తీసుకున్నారు. తిరిగి వచ్చాక చూస్తే, ‘ఇంకా ఆరు రోజులు’ నాటి పంచదార డబ్బా పేరా పక్కన ఎర్రసిరాతో ‘అవసరం’ అని ఉంది. కింద ఇంకో మాట: ‘దుమ్ము కూడా రాయవలెను.’

తెరిచిన రోజు

దుమ్ము: నాలుగో గది ఇరవై ఒకటి. అంతా పిల్లల కాళ్ళదే.

బడిపిల్లలు వచ్చేసరికి నాలుగో గదిలో కొట్టు తలుపుకు పాత తాళం వేసి ఉంది. అసలు తాళంచెవి సింధూరమ్మ గారి మనవరాలు తెచ్చింది. పేరు అవని. ఈ ఊళ్ళో పుట్టినవాళ్ళలో సగం మంది పేర్లు భూమివే కదా. తాళం రెండుసార్లు మొరాయించి మూడోసారి తిరిగింది. పిల్లలు తోసుకుంటూ లోపలికి వెళ్ళి, ఏమీ లేదేం అని అటూ ఇటూ చూశారు. వాళ్ళ గొంతులు గోడలకు తగిలి తిరిగొచ్చాయి. ఒక పిల్ల మూలమూలా వెతికింది. అవని పేరుచీటీని పైకి చదివింది, కూడబలుక్కుంటూ, మా ఇంట్లో అంటాం ఈ మాట అని మధ్యలో చెప్పుకుంటూ. రెండు వందల బస్తాలు పెట్టినా ఆ గదిని వాళ్ళు అంతసేపు చూసి ఉండరు.

మధ్యాహ్నం భోజనశాలలో ఊరంతటికీ విందు. పాయసం వడ్డించే వంతు సింధూరమ్మ గారిదని పలక మీద రాసి ఉంది. రాసింది పెద్దసారే. ఆమె గరిటె పట్టుకుని కొంచెంసేపు అలాగే నిలబడ్డారు. మొదట ఎవరూ కదల్లేదు. నేనే గిన్నె పట్టుకుని ముందుకు వెళ్ళాను, నా వెనక పనివాళ్ళు వచ్చారు, ఆ తరవాత వరస తలుపు దాటి బయటిదాకా పెరిగింది. ఆమె తన ఇంటి పొయ్యి మీద వండి తెచ్చిన పాయసం లాంటిది ఊళ్ళో చాలామంది ఎరగరు. రెండోసారి వచ్చినవాళ్ళను నేను లెక్కపెట్టాను. నేను కూడా అందులో ఉన్నాను.

పెద్దసారు అందరికీ దారి ఇస్తూ ఇస్తూ వరస చివరికి చేరారు. ఆయన గిన్నె చాపేసరికి సింధూరమ్మ గారు అండాలో గరిటె తిప్పి చూశారు. అడుగు తగిలిన చప్పుడు నాకు వినిపించింది. ఆమె తలెత్తారు.

“నిండుకుందండీ,” అన్నారు.

ఆయన చాపిన గిన్నెను మెల్లగా వెనక్కి తీసుకుని, సరేనమ్మా అన్నారు. అండాలోకి తొంగి చూడలేదు.